1240 ఒక్కటి గుర్తుంటే చాలా? వికిరణం, తరంగాలు, సెమీకండక్టర్లు: మూడు చాప్టర్లకీ ముడి ఎక్కడ పడుతుంది?

సెకండియర్_ఉప్పల్:
అందరికీ నమస్తే. నేను ఇంటర్ సెకండియర్ ఎంపీసీ. వికిరణం ద్వంద్వ స్వభావం చాప్టర్ (కాంతి తరంగంలానూ కణంలానూ ఉంటుందనేది) ఒక సార్ చెప్పారు, సెమీకండక్టర్లు ఇంకో సార్ చెప్పారు, విద్యుదయస్కాంత తరంగాలేమో "చిన్న ప్రశ్నే వస్తుంది, ఇంట్లో చదువుకోండి" అని వదిలేశారు. ఫార్ములాలు వచ్చు, బిట్లు కూడా చేస్తాను, కానీ ఈ మూడూ ఒకే పుస్తకంలో పక్కపక్కన ఎందుకున్నాయో మాత్రం అర్థం కావట్లేదు. "1240ని నానోమీటర్లతో భాగిస్తే ఎలక్ట్రాన్ వోల్టులు వస్తాయి, అది గుర్తుపెట్టుకో, మూడు చాప్టర్లూ అయిపోయినట్టే" అని ఒక సీనియర్ అక్క చెప్పింది. బిట్టు వరకు సరే, దాని వెనక ఏముంది? ఇంకో డౌట్ కూడా ఉంది. లోహం మీద ఎర్ర కాంతి ఎంత వేసినా ఎలక్ట్రాన్ రాదు, నీలం కొంచెం వేసినా వస్తుంది అంటారు. కాంతి ఎక్కువైతే శక్తి ఎక్కువే కదా, మరి ఎందుకు రాదు? సిలికాన్‌కి కూడా ఇదే వర్తిస్తుందా?

లెక్చరర్_దిల్‌సుఖ్‌నగర్:
మంచి ప్రశ్న అమ్మా, ఇదే ప్రశ్న 1900 ప్రాంతంలో పెద్ద పెద్దవాళ్ళని కూడా ఇబ్బంది పెట్టింది. 1887లో హెర్ట్జ్ రేడియో తరంగాల మీద ప్రయోగాలు చేస్తుంటే, అతినీలలోహిత కాంతి పడినప్పుడు స్పార్క్ తేలిగ్గా వస్తోందని గమనించాడు. కాంతి తరంగమే అనుకుంటే నువ్వన్నట్టు ఎర్ర కాంతి ఎక్కువ వేసి కాసేపు ఆగితే ఎలక్ట్రాన్ శక్తి కూడబెట్టుకుని బయటకి రావాలి. కానీ రాదు. 1905లో ఐన్‌స్టీన్ చెప్పిందేమిటంటే, కాంతి శక్తి విడివిడి మోతాదులుగా వస్తుంది, ఒక్కో మోతాదు విలువ ప్లాంక్ స్థిరాంకం ఇంటూ పౌనఃపున్యం, ఒక ఎలక్ట్రాన్ ఒకసారికి ఒక మోతాదునే తీసుకుంటుంది. ఆ మోతాదునే ఇప్పుడు ఫోటాన్ అంటాం. ప్రకాశం పెంచితే మోతాదుల సంఖ్య పెరుగుతుందే తప్ప ఒక్కోదాని విలువ మారదు.

ఇప్పుడు మీ అక్క చెప్పిన 1240. ప్లాంక్ స్థిరాంకం 6.626 × 10⁻³⁴ జౌల్-సెకన్లు, దాన్ని కాంతి వేగంతో గుణించి, జౌళ్ళని ఎలక్ట్రాన్ వోల్టులకీ మీటర్లని నానోమీటర్లకీ మార్చు, 1239.8 వస్తుంది. 650 నానోమీటర్ల ఎర్ర కాంతికి 1.9 ఎలక్ట్రాన్ వోల్టులు, 450 నీలానికి 2.75. సోడియం పని ప్రమేయం, అంటే ఎలక్ట్రాన్‌ని లోహం బయటకి తేవడానికి కావాల్సిన కనీస శక్తి, దాదాపు 2.3. అంటే ఎర్ర ఫోటాన్ చాలదు, నీలం చాలుతుంది. సిలికాన్‌లో ఎలక్ట్రాన్ బయటకి రావాల్సిన పని లేదు, పరమాణువులకి కట్టుబడి ఉండే సంయోజకత పట్టీ నుంచి స్వేచ్ఛగా తిరిగే వాహక పట్టీకి ఎక్కితే చాలు, దానికి 1.12 కావాలి. కాబట్టి అదే ఎర్ర కాంతి సోడియం దగ్గర ఓడిపోతుంది, సిలికాన్ దగ్గర గెలుస్తుంది. నీ మూడు చాప్టర్లకీ ముడి పడేది ఇక్కడే. తరంగం పౌనఃపున్యం ఒక ఫోటాన్ శక్తిని నిర్ణయిస్తుంది, ఎదుట ఉన్న పదార్థానికి ఒక మెట్టు ఉంటుంది, ఫోటాన్ ఆ మెట్టుని దాటుతుందా లేదా అన్నదే లెక్క.

ఐన్‌స్టీన్ చెప్పిన ఈ మాట అమెరికా భౌతిక శాస్త్రవేత్త మిల్లికాన్‌కి అస్సలు నచ్చలేదు. ఐన్‌స్టీన్ తప్పని తేల్చాలని ఏళ్ళ తరబడి కొలిచాడు, చివరికి 1916లో తన కొలతలే ఆ సమీకరణం సరిగ్గా ఉందని చూపించాయి. నాకు ఈ పాఠంలో అన్నిటికంటే ఇష్టమైన విషయం అదే.

గుజరాతీగల్లీ_సోల్డర్:
మేడమ్ చెప్పింది చేతితో చేసి చూడొచ్చు చెల్లీ, ల్యాబ్ అక్కర్లేదు. కోఠిలో గుజరాతీ గల్లీకి వచ్చి ఎర్ర ఎల్ఈడీ ఒకటి, నీలం ఒకటి తీసుకో. రెండూ వాటర్ క్లియర్, అంటే పైన గాజులా తెల్లగా ఉండేవి అడుగు, రంగు ప్లాస్టిక్ ఉన్నవి ఈ పనికి వద్దు, ఆ ప్లాస్టిక్ బయటి నుంచి వచ్చే కాంతిని వడగడుతుంది. ఎల్ఈడీకి బ్యాటరీ పెట్టకు. నేరుగా డిజిటల్ మల్టీమీటర్ పెట్టి డీసీ వోల్టులు చూడు. ఎర్రదాన్ని ఎండలో పెడితే ఒక వోల్టు దాటి చూపిస్తుంది, అది చిన్న సోలార్ సెల్ లాగే పనిచేస్తోంది. ఇప్పుడు చీకటి గదిలో ఎర్ర ఎల్ఈడీ మీద ఫోన్ ఫ్లాష్ వెయ్యి, వోల్టేజ్ వస్తుంది, ఎందుకంటే ఫ్లాష్‌లో నీలం ఉంది. నీలం ఎల్ఈడీ మీద ఎర్ర లేజర్ వెయ్యి. ఎంత దగ్గర పెట్టినా, ఎంతసేపు వేసినా దాదాపు సున్నా. ఎల్ఈడీ కూడా సెమీకండక్టరే, నీలందాని మెట్టు ఎత్తు, ఎర్ర ఫోటాన్ దాన్ని దాటలేదు. నువ్వు అడిగిన ప్రశ్నకి జవాబు మీటర్ మీద కనిపిస్తుంది. లేజర్ కంట్లో పడకుండా చూసుకో, అది మాత్రం సీరియస్.

ఇంకోటి, టీవీ రిమోట్ ముందుభాగాన్ని ఫోన్ సెల్ఫీ కెమెరాకి చూపించి బటన్ నొక్కు. కంటికి కనపడనిది కెమెరాలో ఊదా రంగులో మెరుస్తుంది. రిమోట్ ఎల్ఈడీ 940 నానోమీటర్లు, 1240ని 940తో భాగిస్తే 1.32. కెమెరా చిప్ సిలికాన్, దానికి 1.12 చాలు. మన కంటికి 700 దాటితే దాదాపు ఏమీ కనిపించదు. వెనక కెమెరాలో చాలా ఫోన్లకి ఇన్‌ఫ్రారెడ్ ఫిల్టర్ గట్టిగా ఉంటుంది, అందుకే సెల్ఫీ కెమెరా అన్నాను. రిమోట్ రిపేర్‌కి వస్తే మేము మొదట చేసే టెస్ట్ ఇదే.

టవర్_వద్దు_తార్నాక:
రేడియేషన్ గురించి మాట్లాడుతున్నారు కాబట్టి అడుగుతున్నాను, దయచేసి తేలిగ్గా తీసుకోకండి. మా ఎదురు అపార్ట్‌మెంట్ మీద సెల్ టవర్ పెట్టారు, మా బాల్కనీలో నిలబడితే యాంటెన్నాలు సూటిగా కనిపిస్తాయి. మా అమ్మగారికి నిద్ర పట్టట్లేదు, ఇంట్లో అందరికీ టెన్షన్. ఒక ఫోటాన్ చిన్నదే అనుకుందాం, కానీ అవి రాత్రీ పగలూ పడుతూనే ఉంటాయి కదా, కొన్నేళ్ళకి పేరుకుపోదా? ప్రపంచ ఆరోగ్య సంస్థ కింద ఉండే క్యాన్సర్ పరిశోధన సంస్థ కూడా 2011లో దీన్ని క్యాన్సర్ కారకం కావచ్చు అనే జాబితాలో పెట్టింది. అది ఊరికే పెట్టరుగా?

లెక్చరర్_దిల్‌సుఖ్‌నగర్:
తేలిగ్గా తీసుకోవట్లేదండీ, అమ్మగారి ఆందోళన నాకు అర్థమవుతుంది. లెక్క చూద్దాం. 1800 మెగాహెర్ట్జ్ తరంగానికి ఒక ఫోటాన్ శక్తి 0.0000074 ఎలక్ట్రాన్ వోల్టులు. డీఎన్ఏ లాంటి అణువుల్లో కార్బన్-కార్బన్ బంధం తెంచడానికి సుమారు 3.6 కావాలి, అంటే దాదాపు 5 లక్షల రెట్లు. ఇంకా చెప్పాలంటే, మన గదిలో ఉన్న మామూలు వేడికే అణువులు కదులుతుంటాయి, ఆ కదలిక శక్తి 0.026 ఎలక్ట్రాన్ వోల్టుల స్థాయిలో ఉంటుంది. టవర్ ఫోటాన్ దానికంటే మూడున్నర వేల రెట్లు చిన్నది.

పేరుకుపోవడం అన్నారు కదా, అది సరైన ప్రశ్న. ఒకే అణువు ఒకేసారి రెండు ఫోటాన్లని మింగొచ్చు అని మరియా గెప్పర్ట్ మేయర్ 1931లోనే సిద్ధాంతపరంగా చెప్పింది, లేజర్ వచ్చాక 1961లో ప్రయోగంలో చూశారు. కానీ దానికి కాంతి ఎంత తీవ్రంగా ఉండాలంటే లేజర్ లేకుండా చూడటమే కుదరలేదు, అది కూడా రెండు ఫోటాన్లకి. ఇక్కడ లక్షల ఫోటాన్లు ఒకే బంధం మీద ఒకే క్షణంలో కలవాలి. మధ్యలో వచ్చిన శక్తి వచ్చినట్టే వేడిగా చెదిరిపోతుంది, రేపటికి మిగలదు. నీలం ఎల్ఈడీ మీద ఎర్ర లేజర్ ఎంతసేపు వేసినా సున్నా ఎందుకో, ఇదీ అందుకే.

అంటే ఏ ప్రభావమూ లేదని కాదు, వేడి ఉంది. మైక్రోవేవ్ ఓవెన్ 2.45 గిగాహెర్ట్జ్, అక్కడ కూడా ఒక్కో ఫోటాన్ ఇంతే చిన్నది, కానీ వందల వాట్లు ఒక పెట్టెలో బంధిస్తే అన్నం వేడెక్కుతుంది. అందుకే పరిమితులు పెట్టారు. మన దేశంలో 2012 సెప్టెంబర్‌లో అంతర్జాతీయ పరిమితిలో పదో వంతుకి తగ్గించారు. అప్పుడు పెట్టిన పరిమితి 1800 మెగాహెర్ట్జ్‌కి చదరపు మీటరుకి 0.9 వాట్లు. పోలికకి, మధ్యాహ్నం ఎండ చదరపు మీటరుకి సుమారు 1000 వాట్లు. ఆ ఎండలో ఉన్న అతినీలలోహితం 300 నానోమీటర్ల దగ్గర 4.1 ఎలక్ట్రాన్ వోల్టులు, అది ఎలక్ట్రాన్‌ని పూర్తిగా పీకేయకపోయినా డీఎన్ఏలో పక్కపక్క భాగాల్ని అతికించి పాడుచేస్తుంది. నా క్లాసులో పిల్లలకి టవర్ గురించి భయం ఉంది, మే నెలలో టోపీ లేకుండా క్రికెట్ ఆడటానికి మాత్రం భయం లేదు. ఇది నన్ను నిజంగా బాధపెడుతుంది.

టవర్_వద్దు_తార్నాక:
లెక్క అర్థమైంది మేడమ్. కానీ 2011 జాబితా సంగతి చెప్పలేదు. పరిమితిలో ఉందని మాకెలా తెలుస్తుంది, కంపెనీవాళ్ళు చెప్తే నమ్మాలా?

రిటైర్డ్_ఇన్‌స్ట్రుమెంట్స్_ఏఎస్‌రావునగర్:
తమ్ముడూ, నువ్వడిగిన రెండూ న్యాయమైనవే. ఆ జాబితాలో 2బి అనే వర్గంలో పెట్టారు, అర్థం "సాక్ష్యం పరిమితం, కొట్టిపారేయలేం, ఇంకా చూడాలి" అని. ఎక్కువ భాగం మొబైల్‌ని తలకి ఆనించి గంటల తరబడి మాట్లాడేవాళ్ళ అధ్యయనాల మీద ఆధారపడింది. ఇక కొలత విషయానికి, కేంద్ర టెలికాం శాఖ 2017లో తరంగ్ సంచార్ అని పోర్టల్ పెట్టింది. మీ ఇంటి చుట్టూ ఏ టవర్ ఉంది, నిబంధన ప్రకారం ఉందా అని చూడొచ్చు, ఫీజు కట్టి కొలిపించుకోవచ్చు కూడా. అమ్మగారిని పక్కన కూర్చోబెట్టుకుని కొలిపించు, కళ్ళతో అంకె చూస్తే ఆవిడకి ధైర్యం వస్తుంది. ఒక్కటి మాత్రం గుర్తుంచుకో. టవర్ దూరంగా పోయి సిగ్నల్ బలహీనమైతే నీ చేతిలో ఫోన్ ఎక్కువ పవర్‌తో అరవాలి, అది తలకి అంగుళం దూరంలో ఉంటుంది.

నేను ఉద్యోగమంతా రేడియేషన్ కొలిచే పరికరాలతోనే గడిపాను. 1967లో ఇక్కడ ఈసీఐఎల్ అనే ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ సంస్థ పెట్టింది ఎందుకంటే అణుశక్తి రంగానికి కావాల్సిన ఎలక్ట్రానిక్స్ మనమే చేసుకోవాలని, దాని వెనక ఉన్న ఏఎస్ రావు గారి పేరే మా కాలనీకి ఉంది. అందుకే ఈ ఊళ్ళో పిల్లలకి వికిరణం, సెమీకండక్టర్ వేర్వేరు పాఠాలుగా చెప్తుంటే నాకు మనసొప్పదు. గామా కిరణాన్ని కొలవడానికి జెర్మేనియం స్ఫటికం వాడతాం. హైదరాబాద్ అంతా గ్రానైట్ బండల మీద ఉంది, గ్రానైట్‌లో కొద్దిగా యురేనియం, థోరియం, పొటాషియం ఉంటాయి. పొటాషియం-40 నుంచి వచ్చే గామా ఫోటాన్ 14 లక్షల 60 వేల ఎలక్ట్రాన్ వోల్టులు. జెర్మేనియంలో ఒక ఎలక్ట్రాన్-రంధ్రం జంట (పై పట్టీకి ఎక్కిన ఎలక్ట్రాన్, అది కింద వదిలిన ఖాళీ) పుట్టడానికి సగటున 2.96 ఖర్చవుతుంది. భాగించు, ఒక్క ఫోటాన్‌కి దాదాపు 5 లక్షల జంటలు. వాటిని కూడగట్టి లెక్కపెడితే ఏ మూలకం నుంచి వచ్చిందో తెలిసిపోతుంది. కానీ జెర్మేనియం శక్తి అంతరం, అంటే మేడమ్ చెప్పిన మెట్టు, 0.67 మాత్రమే, గది వేడికే జంటలు పుట్టేస్తాయి, అసలు సిగ్నల్ ఆ గోలలో మునిగిపోతుంది. అందుకని ద్రవ నైట్రోజన్ పోసి 77 కెల్విన్‌కి దగ్గరగా చల్లబరుస్తాం.

ఆ బండలు చూసి కూడా భయపడకండి. పొటాషియం-40 మన ఒంట్లోనూ ఉంది, పెద్దమనిషి శరీరంలో సెకనుకి 4 వేలకి పైగా విచ్ఛిన్నాలు జరుగుతూనే ఉంటాయి.

స్కాన్‌రూమ్_సికింద్రాబాద్:
నేను రేడియోగ్రాఫర్‌ని. పెద్దాయన చెప్పినదానికి ఒక మాట కలుపుతాను. రోజూ అడిగే ప్రశ్న, "ఎక్స్‌రే తీశాక గదిలో రేడియేషన్ ఉండిపోతుందా" అని. ఉండదు. స్విచ్ ఆపితే బల్బు ఆపినట్టే. ట్యూబ్‌కి 100 కిలోవోల్టులు పెడితే ఎలక్ట్రాన్లు వెళ్ళి టంగ్‌స్టన్‌ని గుద్దుతాయి, బయటకొచ్చే ఫోటాన్‌కి లక్ష ఎలక్ట్రాన్ వోల్టుల కంటే ఎక్కువ ఉండదు. చెల్లీ, నీ 1240ని లక్షతో భాగించు, 0.0124 నానోమీటర్లు, అదే ఆ ట్యూబ్ ఇవ్వగల అతి చిన్న తరంగదైర్ఘ్యం. ఈ ఫోటాన్లు బంధాల్ని తెంచగలవు, కాబట్టి ఇక్కడ మోతాదు నిజంగా ముఖ్యం. ఒంటికి తగిలే ఈ మోతాదుని మిల్లీసీవర్టుల్లో కొలుస్తాం. ఛాతీ ఎక్స్‌రే 0.1 మిల్లీసీవర్ట్ లోపే. ఛాతీ సీటీ స్కాన్ అయితే 7 దాకా ఉండొచ్చు. ప్రకృతి నుంచి ప్రపంచ సగటున ఏడాదికి 2.4 వస్తుంది. నా అభిప్రాయం సూటిగా చెప్తున్నా, టవర్ మీద ఉన్న భయంలో కొంచెం అనవసరపు సీటీ స్కాన్ల మీద పెడితే మంచిది. "ఎందుకైనా మంచిది, ఒక సీటీ తీయించండి" అని పేషెంట్లే అడుగుతారు. డాక్టర్ అవసరమని రాస్తే మాత్రం భయపడి మానకండి, రోగం కనిపెట్టకపోవడం దానికంటే ప్రమాదం. గర్భిణి అయితే ముందే చెప్పండి.

సెకండియర్_ఉప్పల్:
మరి ఎమ్మారై? మా నానమ్మ ఆ సౌండ్‌కే హడలిపోయింది, రేడియేషన్ అనుకుంది.

స్కాన్‌రూమ్_సికింద్రాబాద్:
అందులో ఎక్స్‌రే లేదమ్మా. 1.5 టెస్లా అయస్కాంతం ఉన్న మిషన్ 64 మెగాహెర్ట్జ్ దగ్గర రేడియో తరంగాలు వాడుతుంది, ఎఫ్ఎం రేడియో కంటే తక్కువ పౌనఃపున్యం. ఆ చప్పుడు లోపలి కాయిళ్ళలో కరెంటు మారినప్పుడు అవి అదిరే శబ్దం. ఒంట్లో పేస్‌మేకర్ లాంటివి ఉంటే మాత్రం తప్పకుండా చెప్పాలి.

మేడమీద_ప్యానెల్_కొంపల్లి:
ఈ లెక్క సోలార్‌కి కూడా పనికొస్తుందా? మా ఇంటి మీద ప్యానెల్స్ పెట్టించాం, ఏప్రిల్ మేలో ఎండ మండిపోతుంటే కరెంటు దంచి రావాలి కదా, అనుకున్నంత రావట్లేదు. అమ్మినవాళ్ళు సరిగ్గా చెప్పట్లేదు.

లెక్చరర్_దిల్‌సుఖ్‌నగర్:
సరిగ్గా అదే లెక్కండీ. సిలికాన్ మెట్టు 1.12, అంటే సుమారు 1100 నానోమీటర్ల కంటే పొడవైన కాంతి దాన్ని దాటలేదు, వృథా. నీలం ఫోటాన్ 2.7 తెస్తుంది, 1.12 పని చేస్తుంది, మిగతాది ప్యానెల్‌ని వేడెక్కిస్తుంది. ఈ రెండు నష్టాలూ ప్రధానంగా కలిపి చూస్తే ఒకే సంధి (జంక్షన్) ఉన్న సెల్ ఎంత బాగా చేసినా, ఎండలో కరెంటుగా మారేది మూడో వంతు దాటదని షాక్లీ, క్విస్సర్ అనే శాస్త్రవేత్తలు 1961లోనే లెక్కకట్టారు. పైగా సిలికాన్ వేడెక్కితే వోల్టేజ్ పడిపోతుంది, డిగ్రీకి సుమారు 0.4 శాతం ఉత్పత్తి తగ్గుతుంది. మేలో ప్యానెల్ 65 డిగ్రీలకి పోయిందంటే, 25 దగ్గర కొలిచి లేబుల్ మీద రాసిన అంకెలో 16 శాతం అక్కడే పోయింది. కింద గాలి ఆడేలా ఎత్తులో పెట్టించారా? దుమ్ము కూడా తుడిపించండి.

ర్యాంక్_కావాలి_అమీర్‌పేట:
ఇవన్నీ బాగున్నాయి కానీ ఎగ్జామ్‌కి 1240 చాలు, నేను అన్నిటికీ అదే వాడతాను. 54 వోల్టులతో త్వరణం చెందిన ఎలక్ట్రాన్ తరంగదైర్ఘ్యం అడిగితే 1240 బై 54, 23 నానోమీటర్లు. ఆప్షన్లలో అది కూడా ఉంది.

లెక్చరర్_దిల్‌సుఖ్‌నగర్:
ఆ ఆప్షన్ పెట్టిందే అందుకు బాబూ! 1240 ఫోటాన్‌కి మాత్రమే. ఎలక్ట్రాన్‌కి ద్రవ్యరాశి ఉంది, దాని శక్తికీ ద్రవ్యవేగానికీ (ద్రవ్యరాశి ఇంటూ వేగం) సంబంధం వేరు. డిబ్రాయ్ 1924లో చెప్పినదాని ప్రకారం ప్లాంక్ స్థిరాంకాన్ని ద్రవ్యవేగంతో భాగించాలి, అలా చేస్తే 1.227ని వోల్టుల వర్గమూలంతో భాగించినట్టు అవుతుంది. 54కి 0.167 నానోమీటర్లు. 1927లో డేవిసన్, జెర్మర్ నికెల్ స్ఫటికం మీద కొలిచినది దాదాపు ఇంతే. 23 నానోమీటర్లయి ఉంటే ఆ స్ఫటికంలో పరమాణువుల మధ్య దూరం కంటే అది ఎంతో పెద్దది, వివర్తనమే, అంటే తరంగం చెదిరి కొన్ని కోణాల్లోనే బలంగా రావడమే, కనపడేది కాదు. సెకండియర్ పాపా, నీ టైటిల్‌లో ప్రశ్నకి జవాబు కూడా ఇదే, ఒక్కటీ చాలదు.

సెకండియర్_ఉప్పల్:
చేశానండీ! ఎర్ర ఎల్ఈడీ మీద ఫోన్ ఫ్లాష్ వేస్తే వోల్టేజ్ వచ్చింది, నీలందాని మీద తమ్ముడి ఎర్ర లేజర్ వేస్తే మీటర్ కదల్లేదు, అమ్మ కూడా వచ్చి చూసింది. రిమోట్ కూడా కెమెరాలో మెరిసింది. సోల్డర్ అన్నా, ఇంకో డౌట్. సిలికాన్‌తోనే ఎల్ఈడీ చేస్తే 1.12కి ఇన్‌ఫ్రారెడ్ రావాలి కదా, రిమోట్‌కి సిలికాన్ ఎందుకు వాడరు, చవక కదా? ఇంకా మా ఇంట్లో ఫైబర్ నెట్ వైర్ చివర కూడా ఇలాగే కెమెరాతో చూడొచ్చా?

రిటైర్డ్_ఇన్‌స్ట్రుమెంట్స్_ఏఎస్‌రావునగర్:
మొదటిదానికి నేను చెప్తాను తల్లీ. సిలికాన్‌లో ఎలక్ట్రాన్ కిందికి దిగాలంటే శక్తి ఒక్కటే కాదు, ద్రవ్యవేగం కూడా సరిపోవాలి. రెండు పట్టీల అంచులు ఒకే ద్రవ్యవేగం దగ్గర లేవు, ఫోటాన్ ఆ తేడా మోయలేదు, స్ఫటికం కంపనం తోడు రావాలి. అది కుదిరేలోపే శక్తి వేడిగా పోతుంది. గాలియం ఆర్సెనైడ్ లాంటి వాటిలో ఆ ఇబ్బంది లేదు, అందుకే రిమోట్లలో ఆ కుటుంబం. నీలానికి గాలియం నైట్రైడ్ కావాలి, దాని అంతరం 3.4, దానికి ఇండియం కలిపి కిందికి దించుతారు. మంచి స్ఫటికం పెంచడమే దశాబ్దాల పని అయింది, అకసాకి, అమానో, నకమురాలకి 2014లో నోబెల్ వచ్చింది అందుకే.

గుజరాతీగల్లీ_సోల్డర్:
ఫైబర్ వైర్ చివర కంటితో అస్సలు చూడకు చెల్లీ, కనపడదు కాబట్టి కన్ను మూసుకోవాలని కూడా తోచదు. కెమెరాతో కూడా కనిపించదు. ఇళ్ళకి వచ్చే ఫైబర్‌లో అటు నుంచి 1490, ఇటు నుంచి 1310 నానోమీటర్లు పోతాయి. భాగించి చూడు, 0.83, 0.95. రెండూ 1.12 కంటే తక్కువ, సిలికాన్‌కి అవి గాజులోంచి వెలుతురు పోయినట్టే. అందుకే ఆ బాక్స్ లోపల వెలుతురు పట్టుకునే భాగాన్ని ఇండియం గాలియం ఆర్సెనైడ్‌తో చేస్తారు. పాడైన బాక్స్ ఒకటి నా దగ్గరుంది, కోఠి వైపు వస్తే షాపుకి రా, విప్పి చూపిస్తాను.